చీనా సరకులును బాశ్చాత్యదేశములును

పడమటి దేశములవారు చీనా సరకులు లేనిదే దినము గడపుకొనఁజాలకున్నారనియు, చీనాతో రాజకీయవైరము పెరుఁగుచున్నకొలఁది యీ పరాధీనత వారికిఁ బ్రమాదకరమగుచున్నదనియు నేఁడు తఱుచుగా వినవచ్చుచున్నది. 2025వ సంవత్సరము ఏప్రిలు నెలలో అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము చీనానుండి వచ్చు సరకులపై సుంకమును నూటికి 145 వంతులకుఁ బెంచి, ఆ నెలలోనే చేతి టెలిఫోనులను, గణకయంత్రములను ఆ సుంకములోని పెద్దభాగమునుండి తప్పించెను. వీథితలుపు మూసి పెరటితలుపు తెఱచుకొనిన యీ చర్య చరిత్ర నెఱిఁగినవారి కాశ్చర్యము గొలుపదు. శత్రువని యెంచినవానియొద్దనే కొనక తీఱని వస్తువును గొనవలసివచ్చుట పడమటివారి కిది మొదటిసారి గాదు. పూర్వ మొక యాకు విషయమున నింగ్లండునకు నిట్టి చిక్కే కలిగెను. దానినుండి బయటపడుటకు నూఱేండ్లకుఁ బైగాఁ బట్టెను.

ఆ యాకు కథకుఁ బూర్వము పట్టు, పింగాణి యను రెండు సరకుల కథలు కలవు. రోమకసామ్రాజ్యపు మొదటి శతాబ్దమున ప్లినీ యను పండితుఁడు తన ప్రకృతిశాస్త్రగ్రంథమున, ఇండియాయు, పట్టువారి దేశమగు చీనాయు, అరేబియాయు నేఁటేఁట తమ సామ్రాజ్యమునుండి పదికోట్ల సెస్టెర్సు నాణెములను గొనిపోవుచున్నవని వాపోయెను. ఆంధ్రదేశమునఁ బలుతావుల దొరకిన రోమక నాణెములు ఆ ధనప్రవాహములో నొకపాయ యీ తీరమునకుఁ జేరినదనుటకు సాక్ష్యములు. పట్టు రహస్యము 6వ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి కాలమునఁ గొందఱు సన్న్యాసులు పట్టుపురుగుల గ్రుడ్లను రహస్యముగాఁ గొనివచ్చుటచేఁ బడమటికి దాఁటెను. పింగాణి రహస్యము మఱి వేయియేండ్లకుఁ బైగా నిలిచియుండి, 1708వ సంవత్సర ప్రాంతమున సాక్సనీరాజు చెఱలో నుంచి పనిచేయించుకొనిన బోట్గరు అను రసవాదిచేతఁ గనుఁగొనఁబడెను. అయినను ఆంగ్లభాషలోఁ బింగాణికి నేఁటికిని చీనాదేశపు పేరే పేరు. మనవారికిని నా దేశపు సరకు క్రొత్తది గాదు. శ్రీనాథుఁడు హరవిలాసమునందుఁ గృతిపతియగు నవచి తిప్పయసెట్టి యోడలపైఁ దెప్పించిన వస్తువులలోఁ జీనాంబరములను బేర్కొనియున్నాఁడు. కాని పట్టును బింగాణియు సంపన్నుల వేడుకలు. అవి లేక యొకఁడు పస్తుండఁడు, ఒక ప్రభుత్వము దివాలా యెత్తదు. తేయాకు సంగతి యట్టిది గాదు.

తేయాకు 17వ శతాబ్దపు మొదటిభాగమున డచ్చివారి యోడలలో నైరోపాకుఁ జేరెను. చీనాలోని ఫూకియెను తీరపు మాండలికమున దానికి ‘తే’ యని పేరు. కాంటను మొదలగు తావుల ‘చా’ యందురు. సముద్రవర్తకులగు డచ్చివారు మొదటిమాటను గైకొనిరి, ఆంగ్లేయుల ‘టీ’ దానినుండి పుట్టినదే. మెట్టదారినిఁ బారసీకముమీఁదుగా వచ్చిన రెండవమాట హిందీలోఁ ‘జాయ్’ అయ్యెను. తెలుఁగున ‘తేయాకు’ ఓడదారి మాట. తెలంగాణమున వాడుకలోనున్న ‘చాయ్’ మెట్టదారి మాట. రెండుదారులు నొక్కభాషలోఁ గలిసికొనుట ముచ్చటైన విషయము.

1660లో లండను నగరవాసియగు సామ్యుయెలు పెపిస్, ఈ చీనా పానీయమును మొదటిసారిగాఁ ద్రాగితినని తన దినచర్యలో వ్రాసికొనెను. మఱి నూఱేండ్లకు నది కూలివాని యింటికిఁ జేరెను. వెస్టిండీసు దీవుల చక్కెరతోఁ గలిపిన వేఁడినీరు, రొట్టెముక్క: ఇంగ్లండులోఁ బేదల భోజన మింతవఱకు వచ్చెను. ప్రభుత్వము తేయాకుపై నూటికి 119 వంతుల సుంకము విధించియుండుటచే దేశములోనికి వచ్చు నాకులోఁ బెద్దభాగము దొంగతనముగా వచ్చుచుండెను. 1784లోఁ బ్రధానమంత్రి పిట్టు ఆ సుంకమును ఒక్కసారిగాఁ బండ్రెండున్నరకుఁ దగ్గించెను. తూర్పుఇండియా కంపెనీ న్యాయముగాఁ దెచ్చు తేయాకు రెండురెట్లకు మించి పెరిఁగెను. ఆ చట్టమందే వేఱొక నిబంధన కలదు. కంపెనీవారు ఒక సంవత్సరపు వాడుకకుఁ జాలు తేయాకును సర్వదా తమ గిడ్డంగులలో నిలువయుంచవలెను. కఱవునాఁటికి ధాన్యము నిలువచేయుట రాజధర్మముగా మనవా రెఱుఁగుదురు. ఆకుమడుఁగు నిలువచేయుమని శాసించిన ప్రభుత్వము మాత్రము అపూర్వము. భయము లేనిచో నిట్టి శాసనము పుట్టదు. పిమ్మట సుంకము మరల హెచ్చి, 19వ శతాబ్దపు తొలిభాగమున నాంగ్లప్రభుత్వపు రాఁబడిలో సుమారు పదియవవంతు తేయాకువలననే వచ్చుచుండెను. పరాధీనత యనఁగాఁ ద్రాగువాని నాలుక మాత్రమే కాదు. పన్ను గొనువాని బొక్కసమును నా యాకునకుఁ గట్టుబడియుండెను. ఈ రెండవ ముడిని గూర్చి చరిత్రకారులు తగినంత శ్రద్ధ వహింపరు.

ఇంత యవసరమైన వస్తువును అమ్మువాఁ డొక్కఁడు, అమ్ము రేవొక్కటి. 1757లోఁ జక్రవర్తి ఛియెన్‌లుంగ్ పాశ్చాత్యుల వర్తకమును గాంటను రేవునకుఁ బరిమితము చేసెను. అచ్చట వారు నగర ప్రాకారమునకు వెలుపల నదీతీరమునఁ గొఠీలలో నుండవలెను, స్త్రీలను దేరాదు, వర్తకఋతువు ముగిసినతోడనే మకావుకుఁ దరలిపోవలెను, కోహాంగు అను పేరుగల కొలఁదిమంది చీనావర్తకులతోఁ దప్ప నింకెవ్వరితోను బేరమాడరాదు. ఆ వర్తకులలో నగ్రగణ్యుఁడైన హౌక్వా తనకాలమున లోకమందలి మహాధనికులలో నొకఁడని పేరుపొందెను. విదేశీయులకుఁ జీనాభాష నేర్పుటయు నేరమే. 1759లోఁ గంపెనీ యుద్యోగియగు జేమ్సు ఫ్లింటు ఈ నిర్బంధములపై నర్జీ వ్రాయించుకొని యుత్తరదిశకు నోడనడపి చక్రవర్తికి విన్నవింపఁజూచెను. అతనికి మకావులో మూఁడేండ్ల చెఱ ప్రాప్తించెను. ఆ యర్జీని జీనాభాషలో వ్రాసిపెట్టినవాని తల తీయించిరి. భాష నేర్పిన నేరమునకుఁ బ్రాణము గోల్పోయినవానిని గూర్చి చదువునపుడు పండితజనుల కించుక యొడలు గగుర్పొడువకమానదు.

1792లో నాంగ్లప్రభుత్వము మకార్ట్నీ ప్రభువును రాయబారిగాఁ బంపెను. ఖగోళయంత్రములు, దూరదర్శినులు, తుపాకులు, వీనితోపాటు నింగ్లండునఁ జేసిన మట్టిపాత్రలును గానుకలలో నుండెను. పింగాణి పుట్టినింటికి మట్టిపాత్రలు గొనిపోవుట తాతకు దగ్గు నేర్పుటవంటిది. ఎనుబదిరెండేండ్ల వృద్ధచక్రవర్తి జెహోలు నగరమున రాయబారిని దర్శించెను. సాష్టాంగపడుటకు రాయబారి యొప్పుకొనక యొక మోకాలుపై వంగెను. చక్రవర్తి ఆంగ్లరాజునకుఁ బంపిన శాసనములయందు, తమ దేశమున సమస్తమును గలదనియు, విదేశవస్తువులతోఁ దమకుఁ బనిలేదనియు, తేయాకు, పట్టు, పింగాణి యనునవి యైరోపావారికిఁ గావలసినవగుటచేత దయతలఁచి కాంటనులో వర్తకము సాగనిచ్చితిమనియుఁ దెలిపెను. ఈ మాటలను బాశ్చాత్యగ్రంథకర్తలు చిరకాలము గర్వోక్తులుగా నెగతాళి చేసిరి. గర్వము సంగతి యటుండనిండు. లెక్క మాత్రము తప్పు గాదు. ఆంగ్లేయులు తెచ్చు నున్నివస్త్రములను గాంటనులోఁ గొనువారరుదు. వెండి యొక్కటియే చీనావారు గొనుసరకు. మెక్సికో, పెరూ గనుల వెండి నాణెములై కాంటనునకుఁ బ్రవహించుచుండెను. ఆ రాయబారముతో వెళ్లిన డిన్విడ్డీ యను శాస్త్రజ్ఞుఁడు మరలివచ్చునపుడు తేయాకు మొక్కలను గలకత్తాకుఁ జేర్చెను. కానుకలన్నిటికంటె నీ మొక్కలే ముందునకుఁ బనికివచ్చు నూహ.

వెండికి బదులుగా నేమి యిత్తు మను ప్రశ్నకు ఆంగ్లేయులకు దొరకిన సమాధానము మన దేశపు నేలలోనిది. 1773 నుండి వంగరాష్ట్రమున నల్లమందు కంపెనీవారి గుత్తసొత్తు. బిహారు రైతులకు ముందుగా సొమ్మిచ్చి గసగసల పైరు పెట్టించి, పట్నాలోఁ దయారుచేయించి, కలకత్తాలో వేలము వేయుదురు. చీనాలో నల్లమందు త్రాగుట 1729 నుండియే నిషిద్ధము. కాఁబట్టి కంపెనీవారి యోడలలో నొక్క పెట్టెయైన నెక్కింపరు. వేలములోఁ గొనిన ప్రైవేటు వర్తకులు దొంగతనముగాఁ గొనిపోయి యమ్మి, వచ్చిన వెండిని గాంటనులోని కంపెనీ ఖజానాలోఁ జెల్లించి లండనుపై హుండీలు పుచ్చుకొందురు. ఆ వెండితోఁ గంపెనీవారు తేయాకు గొందురు. చేతికి మసి యంటనీయని యీ యేర్పాటు తెలివికిఁ బరాకాష్ఠ, ధర్మమునకుఁ గాదు. 19వ శతాబ్దారంభమున నేఁటికి నాలుగైదువేల పెట్టెలుగా నున్న యీ వర్తకము 1830వ దశకాంతమున నలుబదివేలకుఁ జేరువయ్యెను. వెండి యెదురుతిరిగి చీనానుండి బయటికిఁ బోసాగెను. రాగినాణెములు సంపాదించి వెండిలోఁ బన్నుచెల్లించు చీనారైతునకు, నల్లమందు ముట్టకున్నను, పన్నుభారము హెచ్చెను.

1839 మార్చిలోఁ జక్రవర్తి ప్రతినిధి లిన్ జెషూ కాంటను చేరెను. అతఁడు విద్వాంసుఁడు, నిష్కళంకుఁడు, పట్టుదల గలవాఁడు. కొఠీలను ముట్టడించి 20,283 పెట్టెల నల్లమందును స్వాధీనపఱచుకొని జూను నెలలో హూమెను తీరమున ఉప్పునీటిలోను సున్నములోను గలిపించి సముద్రమున విడిపించెను. విక్టోరియారాణి కుద్దేశించిన లేఖలో నతఁడు, తేయాకును రేవలచిన్నియు లేనిచో విదేశీయులు బ్రదుకఁజాలరనియు, చీనా తలఁచినచో వానిని నిలిపివేయఁగలదనియు సూచించెను. రేవలచిన్ని విరేచనౌషధము; మన భాషలో దాని పేరిలోనే చీనా యిమిడియున్నది, పారసీకమున నది ‘రేవందె చీనీ’. మాంసాహారులగు విదేశీయులకు నది లేక మలబద్ధము గలిగి ప్రాణమునకు ముప్పని యాకాలపు చీనావారిలో ననేకులు నమ్మిరి. రేవలచిన్ని విషయమున లిన్ పొరపడెను; తేయాకు విషయమునఁ బొరపడలేదు. అతని పొరపాటు వేఱొకచోటఁ గలదు. కొనక తీఱనివాఁడు వంగునని యతఁ డనుకొనెను. కొనక తీఱనివాఁడు దోఁచుకొనుటకుఁ దెగించుటయుఁ గలదు.

యుద్ధము వచ్చెను. ఆ యుద్ధమున నెక్కువగా మఱువఁబడినదియు, నేఁటి కథకు మిక్కిలి యుపయోగించునదియు నగు విషయ మొకటి యున్నది. యుద్ధము జరుగుచుండఁగాఁ దేయాకు లండనునకు వచ్చుట యాగలేదు. 1839 మే నెలలో ఆంగ్లేయులు తమ యధికారి ఎలియటు నాజ్ఞచేఁ గాంటను విడిచిపోయిరి. అమెరికా వర్తకులను గూడ రమ్మని యెలియటు కోరెను. రస్సెలు కంపెనీ ముఖ్యుఁడగు ఫోర్బ్సు మొదలగువారు పోక నిలిచిరి. హాంగుకాంగు దగ్గఱ లంగరువేసియున్న ఆంగ్లేయుల యోడలనుండి సరకులను అమెరికాజెండాగల యోడలలోనికి మార్చి కాంటనునకుఁ గొనిపోవుట, తిరుగుప్రయాణమునఁ దేయాకు నింపికొని వచ్చి యాంగ్లేయుల యోడలకుఁ బంచుట వారి పని. నూఱుమైళ్లైన లేని యా దారికి వారు పుచ్చుకొనిన కూలి మితిమీఱినది. సరకు చీనావారిది, కొనువాఁ డాంగ్లేయుఁడు, జెండా మాత్రము మూఁడవవానిది. ఎవరి గౌరవమునకును భంగము రాలేదు. ఖర్చు త్రాగువాని గిన్నెలో వచ్చి పడెను. 1841 మార్చిలో ఎలియటు స్వయముగా యుద్ధమును గొంతకాల మాపి వర్తకమునకు దారి తీయించెను. తేయాకు ఋతువు గడచిపోవుచుండుటయే యందులకు ముఖ్యకారణము.

ఆ సంవత్సరము మే నెలాఖరున గాంటను సమీపమున సాన్‌యువాన్‌లీ గ్రామప్రాంతములో గాలివానలోఁ జిక్కి, మందు తడిసి తుపాకులు పేలక, వేలకొలఁది గ్రామస్థుల మధ్య నొంటిగా నిలిచిపోయిన దళము 37వ మదరాసు పదాతిపటాలములోనిది. మదరాసు సైన్యమునఁ దెలుఁగువారు ఆ కాలమునఁ బెక్కుమంది చేరుచుండిరి. చీనావారి జాతీయచరిత్రలో సాన్‌యువాన్‌లీ నేఁటికిని విజయగాథ. ఆ గాథలో నెదుటిపక్షమున నిలిచిన కాలిబంట్లు దక్షిణదేశపు సిపాయిలన్నమాట మన గ్రంథములలోఁ గానరాదు. 1842 ఆగస్టు 29న నాన్‌కింగు సంధి జరిగెను. హాంగుకాంగు దీవియు, అయిదు రేవులును, రెండుకోట్ల పదిలక్షల డాలర్ల పరిహారమును, కోహాంగు రద్దును ఆంగ్లేయులకు లభించెను. తేయాకుపై నాధారపడుట మాత్రము రవంతయుఁ దగ్గలేదు. రేవు లైదగుటచేఁ గొనుగోలు పెరిఁగెను.

విముక్తి వేఱుదారిని వచ్చెను. 1823లో రాబర్టు బ్రూసు అస్సాములో సింగ్ఫో దొరయగు బీసాగాముచేఁ దేయాకు చెట్టు అచ్చటఁ దానుగాఁ బెరుఁగుచున్నదని తెలిసికొనెను. 1834లో గవర్నరు జనరలు బెంటింకు తేయాకు సంఘము నేర్పఱచి, గార్డను అనువానిని విత్తనములకును, పనివారికొఱకును జీనాకుఁ బంపెను. చెట్టు దొరకినంతమాత్రమునఁ దేయాకు కాదు. కోయు పాళము, వాడవేయుట, చేతులతో నలుపుట, పెనముపై వేఁచుట, ఇవన్నియుఁ దెలిసినవానిచేతిలోని పని, గ్రంథములలో లేదు. ఆ విద్యను అస్సామునకుఁ దెచ్చినవారు చీనానుండి వచ్చిన పనివారే. వారు చేయుచుండఁగాఁ జూచి రాబర్టు తమ్ముఁడు చార్లెసు బ్రూసు 1838లో నొక చిన్నపుస్తకము వ్రాసెను. 1839 జనవరి 10న అస్సాము తేయాకు ఎనిమిది పెట్టెలు లండనులో మొదటిసారి వేలమయ్యెను. లిన్ కాంటను చేరుట కప్పటికి రెండునెలలు గడువున్నది. ఏది చిన్నవార్త, ఏది పెద్దవార్త యని నాఁటి పత్రికలకుఁ దెలిసియుండదు.

1848 మొదలు 1851 వఱకు రాబర్టు ఫార్చ్యూను అను తోఁటశాస్త్రజ్ఞుఁడు చీనావేషముతోఁ దల గొఱిగించుకొని జడ తగిలించుకొని విదేశీయులకు నిషిద్ధమైన లోపలి కొండలలోఁ దిరిగి, వేలకొలఁది మొక్కలను, నేర్పరులగు పనివారిని గంపెనీకొఱకు హిమాలయపు తోఁటలకుఁ జేర్చెను. పచ్చతేయాకును, నల్లతేయాకును ఒకే చెట్టువని నిర్ధారణచేసినవాఁ డతఁడే. వేఱొకటియు నతఁడు చూచెను. పడమటికిఁ బంపు పచ్చతేయాకునకు జీనా పనివారు నీలిరంగును, జిప్సము పొడిని బట్టించుచుండిరి. తాము త్రాగు నాకునకు నట్లు చేయరు. కొనువారు నిగనిగలాడు పచ్చదనమునకే హెచ్చువెల యిచ్చుచుండిరి. కొనువాని యభిరుచికై పుట్టిన యీ కల్తీ పిమ్మట, చీనా తేయాకు మలినమనియు, ఇండియా తేయాకు శుద్ధమనియుఁ బ్రకటించుకొను లండను వర్తకులకు మంచి యాయుధమయ్యెను.

1888లో నింగ్లండునకు వచ్చిన తేయాకులో ఇండియా భాగము చీనా భాగమును మొదటిసారి మించెను. అస్సాము తేయాకు వేలమైన నాఁటినుండి నలుబదితొమ్మిదేండ్లు. యుద్ధము చేయనిపనిని సుంకము చేయనిపనిని మొక్కయుఁ, జేతిపనియు, యంత్రమును గలిసి చేసెను. ఆ పని కయిన ఖర్చును జెల్లించినవారు లండనులోఁ ద్రాగినవారు గారు. అస్సాము తోఁటలకుఁ గూలీలను దూరదేశములనుండి యొప్పందములపైఁ దెచ్చిరి; 1865 నుండి 1908 వఱకుఁ బాఱిపోయిన కూలీని బంధించు నధికారము తోఁటదొరలకే యుండెను. వారిలో గంజాము, విశాఖపట్టణము జిల్లాల తెలుఁగువారును గలరు. వారి సంతతివారు నేఁటికిని నచ్చట నున్నారు. అస్సాము కంపెనీకి మొదట దివానుగాఁ బనిచేసిన మణిరామ్ దత్తబరువా 1858లో రాజద్రోహ నేరముపై నురిఁ దీయఁబడెను. ఫూకియెను కొండలలోఁ దేయాకును నమ్ముకొనిన రైతుల బ్రదుకు సన్నగిల్లెను.

అటుపిమ్మట నొక శతాబ్దము చీనా పడమటివారికి సరకు లమ్ముదేశముగా గణనకెక్కలేదు. యుద్ధములు, విప్లవములు, మూసివేసిన తలుపులు. 1978లో డెంగ్ షియావోపింగు సంస్కరణము లారంభించెను. 1980లో హాంగుకాంగు ప్రక్కనున్న షెన్‌జెను ప్రత్యేక వాణిజ్యమండల మయ్యెను. 2001 డిసెంబరు 11న జీనా ప్రపంచ వాణిజ్యసంస్థలోఁ జేరెను. ఈసారి కాంటనువంటి యొక్క రేవు గాదు, తీరమంతయు రేవే. ఆ సంవత్సరము అమెరికా చీనాకు నమ్మినదానికంటెఁ గొనినది సుమారు 8,300 కోట్ల డాలర్లు హెచ్చు. 2018లో నది సుమారు 41,800 కోట్లు. వెండికి బదులేమి యను పాతప్రశ్నకు నీతూరి నల్లమందు గాని, యుద్ధనౌక గాని సమాధానము గాలేదు. చీనా తనకు వచ్చిన డాలర్లతో అమెరికా ప్రభుత్వపు ఋణపత్రములనే కొనెను. 2013లో నట్టివి సుమారు లక్షా ముప్పదివేల కోట్ల డాలర్లవి దానియొద్ద నుండెను. అనఁగా నమ్మువాఁడే కొనువానికి నప్పిచ్చి కొనిపించుచుండెను. ఇట్టి సౌలభ్యము ఛియెన్‌లుంగ్ కాలమున లేదు. వైరము ముదురుటకు నాలస్యమైన కారణములలో నిదియు నొకటి.

ఈ వాడుక యెంతవఱకుఁ బ్రాఁకెనో తెలిసికొనుటకు సారా బొంజొర్ని యను అమెరికా పత్రికారచయిత్రి గ్రంథము చూడఁదగినది. లూసియానా రాష్ట్రవాసినియగు నామె 2005లో నొక యేఁడు తన కుటుంబము చీనా సరకు కొనరాదని నియమము పెట్టుకొని, ఆ యనుభవమును 2007లోఁ బ్రకటించెను. పిల్లల చెప్పులు, ఆటవస్తువులు, పుట్టినరోజు క్రొవ్వొత్తులు, వీనికే యామె యంగడి యంగడి తిరుగవలసివచ్చెను. ఏఁడాది ముగిసినతోడనే యా కఠిననియమమును విడిచిరి. తేయాకు మానుకొనినవాఁడు కాఫీ త్రాగవచ్చును. ఇచ్చట మానుకొనవలసినది యొక వస్తువు గాదు, అంగడియే.

రాజకీయవైరపు తొలి సూచన 2010లో నగపడెను. సెప్టెంబరులో సెంకాకు దీవులకడ చీనా చేపలపడవ జపాను నౌకలను ఢీకొనఁగాఁ బుట్టిన తగవులో, జపానుకుఁ బోవలసిన అరుదైన ఖనిజలోహము లాగిపోయెను. అయస్కాంతములకు, మోటారులకుఁ గావలసిన యీ లోహములలో నూటికిఁ దొంబదికిఁ బైగా నప్పుడు చీనావే. అవి యితరదేశముల భూమిలో లేవని కాదు. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాసు గని 2002లో మూఁతపడెను; చవుకగా దొరకునపుడు మనకేల యని శుద్ధిచేయు విద్యను బడమటివారే విడిచిపెట్టిరి. జపాను ఆస్ట్రేలియా గనులలోఁ బెట్టుబడిపెట్టి, చీనాపై నాధారమును నూటికిఁ దొంబదినుండి యఱువది ప్రాంతమునకుఁ దగ్గించుకొనుటకుఁ బదేండ్ల చేరువఁ బట్టెను. లిన్ జెషూ తేయాకుతోఁ జేయఁదలఁచినది లోహములతో నెఱవేఱినదని యనవచ్చును.

2018 జూలై 6న అమెరికా 3,400 కోట్ల డాలర్ల చీనా సరకులపై నూటికి 25 వంతుల సుంకము వేసెను. అటుపిమ్మట నది సరకుసరకునకును బ్రాఁకెను. అయినను ఉభయదేశముల సరకుల వర్తకము 2022లో సుమారు 69,000 కోట్ల డాలర్లకుఁ జేరి యంతకుముందెన్నఁడు లేని పరిమాణము నందెను. అమెరికా దిగుమతులలోఁ జీనా భాగము 2017లో నూటికి 21 వంతులకుఁ బైగా నున్నది 2023లోఁ బదునాలుగు ప్రాంతమునకు దిగిన మాట నిజము. ఆ యేఁడు మెక్సికో మొదటిస్థానమునకు వచ్చెను, వియత్నాము ఎగుమతులును బెరిఁగెను. కాని యా దేశముల కర్మాగారములలో ననేకము చీనానుండి భాగములు తెప్పించి కూర్చునవి, కొన్ని చీనావారివే. ఫోర్బ్సు ఓడల జ్ఞాపకము రాకమానదు. జెండా మాఱినది, కూలి పెరిఁగినది, సరకు మాఱలేదు. మెక్సికో, వియత్నాములలోఁ గొంత స్వంతనైపుణ్యమును బెరుఁగుచున్నదనుట న్యాయము. అస్సాములోను మొదట నెనిమిది పెట్టెలే.

చీనా ప్రభుత్వము మాత్రము ఫార్చ్యూను కథను జక్కఁగాఁ జదివికొనినట్లున్నది. 2023 డిసెంబరులో నది అరుదైన లోహముల శుద్ధివిద్యను విదేశములకుఁ బంపుటను నిషేధించెను. సరకును గాదు, విద్యను. 2025 ఏప్రిలులో అమెరికా సుంకములకు బదులుగా నేడు లోహముల యెగుమతికి ననుమతిపత్రము కావలెనని శాసించెను. ఆ మే నెల 12న జెనీవాలో నుభయులును సుంకములను దగ్గించుకొనుట కీ లోహములే ప్రధానకారణములలో నొకటి. జూలైలో, తమిళనాడు, కర్ణాటక ప్రాంతములందు ఆపిలు టెలిఫోనులు కూర్చు ఫాక్స్‌కాను కర్మాగారములనుండి మున్నూఱుమందికిఁ బైగాఁ జీనా నిపుణులు స్వదేశమునకుఁ బిలిపింపఁబడిరని వార్తలు వెలువడెను. 1838లో బ్రూసు ప్రక్కన నిలిచి యాకు నలిపిచూపిన పనివారి స్థానము వారిది.

హైదరాబాదు సమీపమునఁ గొంగరకలాన్ గ్రామముకడ నదే సంస్థ 2025లో చెవిలోఁ బెట్టుకొను వినికిడి యంత్రములను, ఎయిర్‌పాడ్సు అనువానిని, తయారుచేయ నారంభించెను. పడమటి దేశములవారు చీనాపై నాధారపడుట తగ్గించుకొనుటకై యేర్పడిన కర్మాగారములలో నిది యొకటి. కొన్ని నెలలకే డిస్ప్రోసియమను లోహము చీనానుండి రాకపోవుటచే నచ్చటి పని కుంటుపడెనని వార్త వచ్చెను; ‘దొరకుటకుఁ గష్టమైనది’ యని గ్రీకుభాషలో నా పేరున కర్థము. ఉత్పత్తి యాగలేదని సంస్థవారు తెలిపిరి. 2025 అక్టోబరు 30న దక్షిణకొరియాలోని బుసాను నగరమున అమెరికా, చీనా యధ్యక్షులు కలిసికొనినపుడు, అక్టోబరు 9న బ్రకటించిన క్రొత్తనిర్బంధములను ఒక యేఁడు నిలిపివేయుటకుఁ జీనా యొప్పుకొనెను. ఏప్రిలునాఁటి యనుమతిపత్రముల నియమ మా యొప్పందముచే రద్దు కాలేదు.